అమ్మ వాటా

ఆసుపత్రి ఏడో అంతస్తు,
కిటికీ పక్క బెంచీ,
సోమవారం.

అక్కకి నమస్కారాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని విసుక్కోకు. ఫోనులో నేను ఏడుస్తాను, నువ్వు అరుస్తావు. కాగితం మీదైతే ఇద్దరం కాస్త మనుషుల్లా ఉంటాం. పైగా గదిలో ఫోను మాట్లాడితే నా కూతురుగారికి నిద్ర చెడుతుందట. పదిహేడేళ్ళ పిల్ల మనమ్మ కంటే ఎక్కువ ఆంక్షలు పెడుతోంది. పిడుగు అని ఊరికే పేరు పెట్టామా?

సంగతేమిటంటే, పిడుగుకి రక్త క్యాన్సర్ మళ్ళీ తిరగబెట్టింది. నా ఎముక మూలుగ ఇచ్చి పదకొండు నెలలు. ఇక గండం గడిచిందనే అనుకున్నాను.

అయినా నువ్వు భయపడకు. వచ్చే మంగళవారం నా తెల్లకణాలు తీసి దానికి మరోసారి ఎక్కిస్తారట. పోయినసారి వెళ్ళిన నా కణాలు కాస్త బద్ధకించాయట, తోడుగా కొత్తవాటిని పంపాలట. "ఒంట్లో ఉన్నదంతా తీసుకోండి డాక్టరుగారూ, లిఫ్టులు బాగుచేయడానికి రెండు చేతులు మిగిలితే చాలు" అన్నాను. నర్సులు నవ్వారు. అన్నట్టు, ఇక్కడి రెండో లిఫ్టు తలుపు నాలుగో అంతస్తులో కొట్టుకునేది. మా కంపెనీది కాదు కదా అని మూడు రోజులు ఓర్చుకున్నాను. నిన్న ఉండబట్టలేక వాళ్ళ మెకానిక్కు పక్కన నిలబడి సరిచేయించాను. ఇప్పుడు ఆసుపత్రిలో నాకు డాక్టరుకున్నంత మర్యాద.

దాని ధైర్యం చూస్తే నాకే సిగ్గేస్తోంది అక్కా. జుట్టు మళ్ళీ రాలుతుందని చెప్పారు. "పోనీలే, దువ్వెన వెతుక్కునే పని తప్పింది" అంది.

మీ మరదలికి, అదే పిడుగు వాళ్ళమ్మకి, చెప్పలేదు. ఎక్కడో రేవులో క్రేను ఎక్కి కూర్చున్న మనిషిని కంగారు పెట్టి ఏం లాభం? ఆమె మూలుగ ఎలాగూ కలవలేదు కదా.

తమ్ముడు


పరీక్షల ల్యాబు,
ఫ్రీజరుకీ బీరువాకీ మధ్య నా సందు,
గురువారం.

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం శాంపిళ్ళ వ్యానులో ఐసు పెట్టె మీద కూర్చుని వచ్చింది. ఒక మూల తడిసింది కానీ నీ లిఫ్టు పురాణం చెక్కుచెదరలేదు.

జబ్బు తిరగబెట్టిందని నువ్వు రాసేదాకా నాకు తెలియదు. ఎన్నిసార్లు చెప్పినా నువ్వు నమ్మవు. మాకు రక్తం గొట్టాల మీద నంబర్లే వస్తాయి. సొంతవాళ్ళ ఫైలు తెరవనని సంతకం పెట్టి ఇరవై రెండేళ్ళయింది. నీ ఉత్తరం చదివి గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని పనిలో పడ్డాను. నాకు తెలిసిన మందు అదొక్కటే.

పనిలో మాత్రం ప్రశాంతంగా ఉందా? మా అనుమానమ్మ గురించి నీకు చెప్పాను కదా, నా కంటే రెండేళ్ళు చిన్నది, ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగి చూసుకునే మనిషి. మూలుగ మార్పిడి అయినవాళ్ళ రక్తంలో దాత కణాలెన్ని, రోగి సొంత కణాలెన్ని అని మేం కొలుస్తాం. రోగివి మళ్ళీ కనిపిస్తే జబ్బు వచ్చిందని అర్థం. దానికి ఒక పరీక్ష చాలు. ఈవిడ ఎవరూ అడగకపోయినా రెండోది కూడా పెడుతుంది.

మొన్న ఒక గొట్టంలో మొదటి పరీక్ష రోగి కణాలు నూటికి పద్నాలుగు అంది. రెండోది అసలు లేవంది. "కిట్టు పాడైంది, పారేసి మొదటిదే రాసి పంపు" అన్నాను. "కిట్టు పాడైతే మిగతా గొట్టాలకీ పాడవ్వాలి కదా మేడమ్, దీనికొక్కదానికే ఎందుకు పాడైంది?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మూడుసార్లు చేసింది, మూడుసార్లూ అంతే. రిపోర్టు మీద సంతకం పెట్టనని భీష్మించుకుంది. నాలుగోసారి వేరే కిట్టుతో మొదలుపెట్టింది. నాతో మాటల్లేవు. మధ్యాహ్నం డబ్బా కూడా వేరే బల్ల మీద తెరుస్తోంది.

నువ్వు తింటున్నావా లేదా? పిడుగుని అత్త అడిగిందని చెప్పు.

అక్క


ఏడో అంతస్తు,
మంగళవారం.

అక్కా,

ఇవాళ నా కణాలు తీయలేదు.

పొద్దున్నే స్నానం చేసి, చొక్కా చేతులు మడిచి, ఆ యంత్రం పక్క కుర్చీలో పెళ్ళికొడుకులా కూర్చున్నాను. డాక్టరు వచ్చి "ఇవాళ వద్దు, ఇకమీదట కూడా వద్దు" అన్నాడు. మీ ల్యాబు నుంచి ఏదో కాగితం వచ్చిందట. నావి ఇక పనికిరావట. ఏవేవో బొమ్మలు గీసి చూపించాడు. నా చెవులు పనిచేయలేదు.

పనికిరాకపోవడం ఏమిటక్కా? పదకొండు నెలలు దాన్ని నిలబెట్టింది ఎవరు? దాని ఒంట్లో తిరిగేది నా రక్తమేనని నలుగురికీ చెప్పుకున్నవాణ్ణి. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని పత్రిక తిరగేయమంటే ఎలా?

పైగా పిల్ల తల్లి వివరాలు కావాలన్నారు. అందుబాటులో లేదని చెప్పాను.

మీ ల్యాబే ఎక్కడో పొరపాటు చేసింది. అక్కడ నువ్వే కదా పెద్దదానివి, చూసి సరిచేయించు. జీవితంలో నిన్ను అడిగింది ఇదొక్కటే.

తమ్ముడు


ల్యాబు,
గురువారం.

తమ్ముడూ,

ల్యాబు పొరపాటు చేయలేదు. చేయబోయింది నేను.

పోయిన ఉత్తరంలో రాశానే, రెండు పరీక్షలు రెండు మాటలు చెప్పిన గొట్టం అని, అది పిడుగుదిరా. నువ్వు కాగితంలో అనుమతి ఇచ్చావు కాబట్టి మీ డాక్టరు నాతో మాట్లాడాడు. నంబరు చెప్పాడు. కిట్టు పాడైంది పారెయ్ అన్న నోరు ఇదే. అనుమానమ్మ నా మాట విని ఉంటే నువ్వు మంగళవారం చొక్కా చేయి మడిచి ఇచ్చేసేవాడివి, డాక్టరు ఎక్కించేసేవాడు, దాని ప్రాణం మీదికి వచ్చేది.

నింపాదిగా చదువు. ఇప్పుడైనా చెవులు పెట్టు.

మనుషుల కణాల మీద ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును తయారుచేసేవాటిని పోలిక జన్యువులు అంటాం. సగం అమ్మ ఇస్తుంది, సగం నాన్న ఇస్తాడు. పిడుగులో నీ సగం ఉంది, వాళ్ళమ్మ సగం ఉంది. నీ కణాలు దాని ఒంట్లోకి వెళ్ళాక "ఇది మనది కాదే" అని పట్టుకున్నది వాళ్ళమ్మ సగాన్ని. జబ్బు కణాల మీద ఆ సగం కనపడినంతకాలం వాటిని వెంటాడి చంపాయి. ఎంత బాగా చంపాయంటే, చివరికి తప్పించుకున్న ఒక కణం వాళ్ళమ్మ సగాన్నే వదిలేసింది. ఆ ఖాళీలో నీ సగాన్ని రెండోసారి రాసుకుంది. ఇప్పుడు ఆ జబ్బు నీ కణాల కళ్ళకి అచ్చం నీలాగే ఉంటుంది. ఎదురుగా వచ్చినా పట్టుకోవు.

మొదటి పరీక్ష జన్యువుల్లో వేరే చోట్ల చూస్తుంది. అందుకే పిడుగు కణాలు పద్నాలుగు అని సరిగ్గానే చెప్పింది. రెండోది పోలిక జన్యువుల దగ్గరే నిలబడి వాళ్ళమ్మ సగం కోసం వెతికింది. దొరకలేదు, లేదంది. రెండూ నిజమేరా. రెండూ కలిపి చదివితేనే ఆ దొంగ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది. ఎవరూ అడగని ఆ రెండో పరీక్షని ఆ మనిషి పదహారేళ్ళుగా పెడుతోంది. మేం పదహారేళ్ళుగా నవ్వుతున్నాం.

నిన్న అందరి ముందూ ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాను. ఆవిడ కంగారుపడిపోయి, "ఫ్రీజరు తలుపు సరిగ్గా పడలేదు మేడమ్" అంటూ అటు వెళ్ళిపోయింది. అంత గొప్ప మనిషిని ఇన్నాళ్ళూ పక్కన పెట్టుకుని గుర్తించనందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నీ కణాలు ఇప్పుడు ఎక్కిస్తే జబ్బును వదిలేసి పిడుగు చర్మం మీద, పేగుల మీద పడతాయి. అక్కడ వాళ్ళమ్మ సగం ఇంకా పదిలంగా ఉంది కదా. అందుకని మందులతో జబ్బును అణచి, మళ్ళీ మూలుగ మార్పిడి చేయాలి. ఈసారి వాళ్ళమ్మ ఇవ్వాలి. ఆమె కణాలకి ఆ జబ్బు ఒళ్ళంతా పరాయిదే, దాని మీద మిగిలింది నీ గుర్తులే కాబట్టి.

ఇప్పుడు అసలు సంగతి. ఫైలు నేను తెరవలేదు, అనుమానమ్మే తెరిచింది. పోయిన ఏడాది రిపోర్టు పైకే చదివింది. "తండ్రి: సగం పోలిక. తల్లి: సగం పోలిక. ఇద్దరూ దాతలుగా పనికివస్తారు." ఇద్దరిదీ కలిసినప్పుడు మీ ఆసుపత్రిలో తండ్రినే ముందు పిలుస్తారట. అది డాక్టర్ల ఇష్టం, నాకు పేచీ లేదు. కానీ అప్పుడు మరదలు నాకు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. "వదినా, తొమ్మిది నెలలు మోసిన ఒళ్ళు కూడా కలవలేదట. ఈ ఒళ్ళు నాకెందుకు?" అని రాసింది.

ఆ రిపోర్టు నీ చేతికే ఇచ్చారు. ఆమెకి ఏం చెప్పావురా?

అక్క


ఏడో అంతస్తు,
శనివారం.

అక్కా,

కలవలేదని చెప్పాను.

నువ్వు అడిగావు కాబట్టి దాచను. ఆమె రేవులో ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడు నేను "నేనో, ఆ క్రేనో తేల్చుకో" అన్నాను. తేల్చుకుంది. వారం పోయాక తిరిగొస్తుందనుకున్నాను, రెండేళ్ళయినా రాలేదు. సెలవు దొరికినప్పుడల్లా పిల్ల కోసం వచ్చేది, నన్ను పలకరించేది కాదు. రిపోర్టు నా చేతికొచ్చిన రోజే ఆమె ఫోను చేసి "నాది కలిసిందా?" అని అడిగింది. ఆ గొంతులో ఆశ విన్నాను. "లేదు. నాదే కలిసింది" అన్నాను. ఎలాగూ డాక్టర్లు నన్నే పిలిచారు, దీనివల్ల పిల్లకి వచ్చే నష్టం ఏముందనుకున్నాను. ఆమె మాత్రం బాధపడాలనుకున్నాను. పడింది. ఆ రోజు నాకు కడుపు నిండినట్టనిపించింది కూడా. ఇంతకంటే నీచం ఉంటుందా? పిడుగుకీ అదే చెప్పాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ జబ్బు వాళ్ళమ్మ సగాన్ని చెరిపేసి నా సగాన్ని రెండుసార్లు రాసుకుందన్నావు. నేను చేసిందీ అదే కదా.

ఆసుపత్రివాళ్ళకి ఆమె నంబరు ఇచ్చేశాను. వాళ్ళు ఫోను చేసేలోపే నా నోటి నుంచి వినాలని నిన్న నీ వ్యాను డ్రైవరు కాళ్ళావేళ్ళా పడి ఉత్తరం పంపాను. ఏమని పిలవాలో తెలియక పైన ఖాళీ వదిలేశాను. నాలుగు వాక్యాలే రాశాను. ఐదోది రాలేదు.

ఆమె రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. రాననడానికి ఆమెకి అన్ని హక్కులూ ఉన్నాయి.

తమ్ముడు


రేవు,
మూడో క్రేను కింది విశ్రాంతి గది,
ఆదివారం.

వదినగారికి,

మీ తమ్ముడి ఉత్తరం క్రేను ఎక్కబోతుండగా అందింది. పైకెళ్ళి చదివాను. "జబ్బు తిరగబెట్టింది. ఈసారి నువ్వే ఇవ్వాలి. నీది మొదటిసారే కలిసింది. నీకు అబద్ధం చెప్పాను." అంతే. చదివి మడిచి జేబులో పెట్టుకుని, ఓడలో ఉన్న పదకొండు పెట్టెలూ దించాను. ఒక్కటీ ఊగలేదు. కిందికి దిగాక మాత్రం హెల్మెట్ కూడా తీయకుండా గేటు వైపు నడిచాను. మా ఫోర్‌మన్ పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఎంత కోపం వచ్చిందో మీకు చెప్పలేను. ఆయన మీద ఉన్న కోపం పాతదే, దానికి నేను అలవాటు పడ్డాను. ఈ ఏడాదంతా నా ఒంటి మీద పెంచుకున్న కోపం ఎవరు తీసుకుంటారు? అద్దంలో చూసుకోవడం మానేశాను వదినా. బిడ్డకి కూడా పనికిరాని ఒళ్ళు అని.

అయినా ఇప్పుడు ఆ లెక్కలు తీసే సమయం కాదు. పిడుగు లేచి కూర్చునేదాకా ఆయన్ని ఒక్క మాట అనను. అనాల్సినవన్నీ పోగుచేసి పెట్టుకుంటాను, ఎక్కడికీ పోవు. ఆసుపత్రివాళ్ళు ఫోను చేశారు. రేపు ఉదయం బండికి బయల్దేరుతున్నాను. ఎంత కావాలంటే అంత తీసుకోమన్నాను.

మీ అనుమానమ్మగారి గురించి డాక్టరు చెప్పాడు. ఆవిడ కాళ్ళకి దండం పెట్టానని చెప్పండి. కొక్కెం సరిగ్గా పడిందో లేదో మూడోసారి చూసేవాళ్ళంటే మా రేవులో కూడా నవ్వుతారు. వాళ్ళ వల్లే మేం సాయంత్రం ఇళ్ళకి వెళ్తున్నాం.

ఒక్క సాయం. ఆ పాత రిపోర్టు నకలు ఒకటి ఇప్పించండి. ఆసుపత్రికి కాదు, నాకు.

మీ మరదలు


ల్యాబు,
బుధవారం.

ఒరేయ్ తమ్ముడూ,

డాక్టరు ఈపాటికి చెప్పే ఉంటాడు. అయినా నా చేత్తో రాయకపోతే నాకు తోచదు.

కొత్త మూలుగ ఎక్కించిన ముప్పయ్యో రోజు శాంపిల్ వచ్చింది. అనుమానమ్మ మొదటి పరీక్ష పెట్టింది, రెండోది పెట్టింది, రెండూ మళ్ళీ పెట్టింది. ఈసారి నేను పక్కనే నిలబడి గొట్టాలు అందించాను. పిడుగు రక్తంలో వాళ్ళమ్మ కణాలు నూటికి నూరు. జబ్బువి లేవు. నీవీ లేవు. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి. ఆవిడ సంతకం పెట్టింది. పెట్టాక "ఇంకోసారి చూడనా మేడమ్?" అంది. "చూడవే తల్లీ, నీ ఇష్టం" అన్నాను. ఇద్దరం నవ్వుకుని, ఇద్దరం ఏడ్చాం.

ఇది ఒక నెల మాటే. ఇంకా చాలా నెలలు కొలవాలి, నీకు కల్లబొల్లి కబుర్లు చెప్పను. కానీ మార్పిడి తర్వాత జబ్బు తిరగబెట్టిన ప్రతి గొట్టానికీ ఇకమీదట రెండో పరీక్ష పెట్టి తీరాలని పైవాళ్ళకి రాశాను. ఒప్పుకున్నారు. దాన్ని ల్యాబులో అందరూ అనుమానమ్మ పరీక్ష అంటున్నారు. ఆవిడకి కోపం వస్తోంది, లోపల సంతోషంగానే ఉంది.

మీ మొగుడూ పెళ్ళాల సంగతేమిటి? ఇద్దరూ బరువులెత్తే పనిలోనే ఉన్నారు, కోపం దించుకోవడం ఒక్కరికీ రాదు. మార్పిడి రోజు గదిలో ఏం జరిగిందని పిడుగుని ఫోనులో అడిగితే "నాన్ననే అడుగు అత్తా" అంది. ఐదు వారాలుగా నీ ఉత్తరాల్లో వాతావరణం తప్ప మరేం లేదు. చెప్పు.

అక్క


ఏడో అంతస్తు,
శుక్రవారం.

అక్కా,

చెప్తాను.

ఆ రోజు మీ మరదలి దగ్గర మూలుగ తీశాక ఆమెని పడుకోమన్నారు. వినలేదు. నడుము పట్టుకుని నడుచుకుంటూ వచ్చి పిడుగు మంచం పక్కన కూర్చుంది. సంచి వేలాడదీశారు. ఎర్రగా, చిక్కగా, బొట్టు బొట్టుగా దిగుతోంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

పిడుగు సంచినే చూస్తూ అడిగింది. "అమ్మా, అప్పుడు కలవనిది ఇప్పుడెలా కలిసింది?"

ఆమె నావైపు చూడలేదు. దుప్పటి సర్దుతూ, "అప్పుడూ కలిసిందమ్మా. ఆ కాగితమే ఎక్కడో తప్పిపోయింది" అంది.

నన్ను వదిలేసింది అక్కా. ఏడాది పాటు తన ఒంటిని తానే అసహ్యించుకునేలా చేసినవాణ్ణి, పిల్ల ముందు ఒక్క మాటతో కాపాడింది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, పిడుగు దృష్టిలో ఎప్పటికీ మంచి నాన్ననే. అంత పెద్ద మనసు చూశాక నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు.

"కాగితం తప్పిపోలేదు. నా దగ్గరే ఉంది. అమ్మది కలవలేదని నేనే అబద్ధం చెప్పాను" అన్నాను.

పిడుగు వాళ్ళమ్మ చేయి పట్టుకుంది. తర్వాత "నువ్వు బయటికెళ్ళు నాన్నా" అంది. వెళ్ళి ఈ బెంచీ మీద కూర్చున్నాను. సంచి ఖాళీ అయ్యాక మీ మరదలు బయటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. గోడకి ఆనుకుని నిలబడి, "ఎందుకు చెప్పారు? నేను నా వాటా ఇవ్వడానికి వచ్చాను, మీ వాటా తీసేయడానికి కాదు" అంది. ఇంతకాలం ఎలాంటి మనిషితో పోట్లాడానో నాకప్పుడు తెలిసింది.

ఈ ఐదు వారాలూ పిడుగు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. నీళ్ళు, మందు, కిటికీ. నేను మాత్రం రోజూ తలుపు దాకా వెళ్ళి అక్కడే నిలబడేవాణ్ణి. లోపల వాళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు వింటే చాలనిపించేది, నిజం.

నిన్న డాక్టరు రిపోర్టు తెచ్చాడు. పిడుగు తీసుకుని తనే పైకి చదివింది. అమ్మవి నూటికి నూరు. జబ్బువి సున్నా. అక్కడ ఆగి తలుపు దగ్గరున్న నావైపు చూసింది. "నాన్నవి సున్నా" అని మెల్లగా చదివింది. నేను బాధపడతానేమోనని మెల్లగా చదివింది అక్కా. నాకు నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. "ఇంకోసారి చదవవే" అన్నాను.

మళ్ళీ చదివింది. చదివి కాగితం మడిచి, "లోపలికొచ్చి తలుపెయ్యి నాన్నా, చలిగాలి వస్తోంది" అంది.

వెళ్ళాను. మీ మరదలు మంచం మీద కాస్త జరిగి చోటిచ్చింది.

తమ్ముడు